తలకిందుల క్లాప్

గ్లెండేల్,
మార్చి 1974

ప్రియమైన వార్తన్ జాన్,

“ప్రియమైన” అనీ, మన భాషలో ముద్దుగా “జాన్” అనీ అలవాటుకొద్దీ రాశాను, పొంగిపోకు.

నీ చీటీ అందింది. “మన వంటింట్లో రిహార్సల్ కాస్తా నిజం పోట్లాట అయిపోయిన రోజు కెమెరా పొరపాటున తిరుగుతూ ఉండిపోయింది. నువ్వు తలుపు దడేలుమనిపించి వెళ్లేదాకా సినిమాలో వాడుకో. మిగతాది చూడక్కర్లేదు, పారెయ్” అన్నావు.

పొరపాటా? నీ సినిమాకి ఎడిటర్ నేననుకున్నావా, పక్కింటి పిల్లి అనుకున్నావా? బొమ్మకి మాట కలపాలంటే క్లాప్ కావాలి. మొదట్లో లేకపోతే నేను రీలు చివరికి వెళ్లి వెతుకుతాను. అక్కడ ఉంది! క్లాప్ బోర్డు తలకిందులుగా పట్టుకుని నీ చెయ్యి. మొదట కొట్టడం కుదరకపోతే చివర అలా తిప్పి కొట్టాలని నీకు నేర్పింది నేనే కదా!

అంటే నీకు తెలుసు. మన బాబు ఆరా జ్వరంతో పోయిన రోజు నువ్వు ఎవడి సినిమాలోనో చస్తూ కూర్చున్నావని ఆ పోట్లాటలో నేను గుండెలు బాదుకుంటుంటే, నువ్వు కెమెరాని తిరగనిచ్చావు. అది నటన కాదు. నా బిడ్డ కోసం ఏడ్చిన ఏడుపు జనం టికెట్టు కొని చూడాలా? ఎవరిచ్చారు నీకా హక్కు? ఇక ఆ రీలు వైపు చూడను.

మండిపోతున్న
సిల్వా

*

టూసాన్

సిల్వా జాన్,

పొద్దున్నించి గుర్రం మీద నుంచి పడుతున్నాను. ఈసారీ మెక్సికో దొంగ వేషమే. డైరెక్టరుకి నా పేరు నోరు తిరగదు. “ఓయ్ మీసాలూ, కాస్త పక్కకి చావు, హీరో మీద నీ నీడ పడుతోంది” అంటాడు. ఈ చావులన్నీ ఎవరి కోసం? మన సినిమాకి ఫిల్మ్ కొనడానికి కాదూ?

అవును, కెమెరా తిరుగుతోందని మధ్యలో చూశాను. ఆపలేదు. నేను రాసిన ఏడుపులు నువ్వు ఏడిస్తే నాటకంలా ఉన్నాయి, ఇది నిజం. ఇన్నేళ్లకి ఒక్క నిజం దొరికితే కత్తెర పట్టుకుని కూర్చుంటావా? దాని మీద కత్తెర పడిందో, నేను ఇంటికి రాను.

వార్తన్

*

గ్లెండేల్

వార్తన్,

రావద్దులే. కానీ ఒకటి విను. కోపం పట్టలేక, నువ్వు పారెయ్యమన్న ముక్క మొత్తం చూశాను.

నేను వెళ్లాక నువ్వు నేల మీద కూలబడ్డావు. అల్మరాలోంచి ఆరా పాలు తాగే కప్పు తీసి ఒళ్లో పెట్టుకుని, నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చావు. సమాధి దగ్గర కంటతడి పెట్టని మనిషివి! మీ అమ్మ “నా కడుపున రాయి పుట్టిందే” అంటే, ఇన్నేళ్లూ నేనూ అదే నమ్మాను. అంతలో నీకు కెమెరా గుర్తొచ్చింది. మొహం తుడుచుకుని, లేచి క్లాప్ కొట్టావు.

నిజం కావాలన్నావుగా! నా ఏడుపు తీసేసి నీది అతికించాను. ఆదివారం చర్చి హాల్లో మనవాళ్లకి వేసి చూపిస్తాను. మీ అమ్మకి ముందు వరసలో కుర్చీ వేయిస్తున్నాను.

నీ ఎడిటర్,
సిల్వా

*

టూసాన్

సిల్వా,

నీకేమైనా మతి పోయిందా? ఆ ముక్క వెంటనే తీసెయ్! అది నటన కాదు. మా అమ్మ ముందు, చర్చిలో ఊరందరి ముందు, నా బిడ్డ కప్పు పట్టుకుని నేను ఏడ్చిన ఏడుపు చూపిస్తావా? ఎవరిచ్చారు నీకా హక్కు?

ఇక్కడ పెన్ను ఆగిపోయింది. పైన రాసింది మళ్లీ చదువుకున్నాను. నీ మొదటి ఉత్తరమే నా చేతిరాతలో ఉంది. సిగ్గేసింది, సిల్వా.

ఇవాళ నా చావు సీను తీశారు. “చచ్చేముందు కాస్త ఏడువు మీసాలూ” అన్నాడు డైరెక్టరు. ఏడవనన్నాను. గ్లిజరిన్ తెచ్చి కళ్లకి రాయబోతే చెయ్యి తోసేశాను. “రాయివి దొరికావయ్యా” అని తిట్టి అలాగే తీసుకున్నాడు.

శనివారం బస్సుకి వస్తున్నాను. రీలు నేను పట్టుకుంటాను, నువ్వు కత్తిరించు. రెండు ఏడుపులూ తీసేద్దాం. సినిమా నడుమ పెద్ద చిల్లు పడుతుంది, పడనీ.

తర్వాత కెమెరాని గరాజులో పెట్టి తాళం వేద్దాం. కప్పు కిందకి దించి ఉంచు. వాడి కోసం మనిద్దరం ఒకచోట కూర్చుని ఇంతవరకూ ఏడవలేదు.

నీ వార్తన్