గద్దపిల్లకు జ్ఞానతండ్రి

జిల్లా పర్యాటక కార్యాలయం,
మిందనావ్ దీవి.

లినాబుయన్ గ్రామ పెద్ద కపితానా పెర్పెతువా దాలిగ్దిగ్ గారికి, పర్యాటక అధికారి ఎవరిస్తో మగ్బానువా నమస్కరించి రాయునది.

మీ ఊరి అదృష్టం పండింది. మన జాతీయ పక్షి అయిన మహాగద్దను ప్రజలంతా కళ్లారా చూసి గర్వపడాలని గవర్నరు గారు సంకల్పించారు. అందుకోసం మీ ఊరి కొండమలుపులో సిమెంటు గద్దను నిలబెడుతున్నాం. ఎత్తు చర్చి గంట దాకా వస్తుంది. రెక్కలు విప్పి, ముక్కు తెరిచి, రాజధాని వైపు చూస్తూ ఉంటుంది. మెడ చుట్టూ రంగుదీపాలు కూడా వేయిస్తున్నారు.

ఒకటే అడ్డంకి. ఆ మలుపులో ఉన్న పెద్ద లావాన్ చెట్టు గద్దను కనబడనివ్వడం లేదు. దాన్ని మీ ఊరి పండగలోపే కొట్టించాలి. గ్రామ పెద్దగా మీ సమ్మతి వెంటనే పంపగలరు.

జాతీయ పక్షి సేవలో,
ఎవరిస్తో మగ్బానువా

తా.క. గద్దకు బంగారు రంగు వేయాలా, వెండి రంగా అని గవర్నరు గారి భార్య అడుగుతున్నారు. మీ ఊళ్లో అసలు గద్దను చూసినవాళ్లెవరైనా ఉంటే రంగు రాసి పంపండి.

*

లినాబుయన్.

అధికారి గారికి పెర్పెతువా దండాలు. మేమంతా బాగున్నాం. మీరూ, గవర్నరు గారూ, ఆ సిమెంటు పక్షీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీరు కొట్టమన్న చెట్టు మీదే అసలు గద్దలు కాపురముంటున్నాయి. మొగుడూ పెళ్లామూ, ఈ ఏడు పుట్టిన ఒక్కగానొక్క బిడ్డ. రెండేళ్లకు ఒక్క గుడ్డు పెట్టే జాతి అది. ఆ బిడ్డకు ఇంకా ఎగరడం రాదు. చెట్టు పడితే దాంతోపాటే పడి చస్తుంది. అసలు పక్షిని చంపి బొమ్మ పక్షికి దీపాలు పెట్టడం మీ పట్నంలో ఆచారమేమో, మా దగ్గర మాత్రం లేదు.

మీరు దాన్నెప్పుడైనా చూశారా? మొన్న నేను వాకిలి ఊడుస్తుంటే నెత్తి మీదుగా వెళ్లింది. వాకిలంతా నీడ పడింది. వెళ్లి కొమ్మ మీద వాలి, తల మీద ఈకలు నిక్కబొడుచుకుని, నీలి కళ్లతో నావైపు ఒక్క చూపు చూసింది. ఈ ఊళ్లో మొగుడికి గానీ మామకి గానీ దించని చీపురు దించేశాను. ఎందుకో ఏడుపు కూడా వచ్చింది. ఇంత గొప్ప ప్రాణి మా ఎదురింట్లో ఉండడానికి మేం ఏం పుణ్యం చేసుకున్నామా అనిపించింది.

సమ్మతి లేదు. ఇవ్వను కూడా.

ఇట్లు,
పెర్పెతువా

తా.క. రంగు రాసుకోండి. వీపు గోధుమ రంగు, పొట్ట తెలుపు. తల మీద ఈకలు మాత్రం మా మరిది నిద్ర లేచినప్పటి జుట్టులా ఉంటాయి. కావాలంటే గవర్నరు గారి భార్య చూసుకోడానికి మరిదినే పంపిస్తాను.

*

గౌరవనీయులైన కపితానా గారికి,

మీ ఉత్తరం అందింది. పని ఒత్తిడి వల్ల ఉత్తరాలు నేను స్వయంగా చదవను. మా గుమాస్తా తియోఫిస్తో చదివి, సారాంశం రెండు ముక్కల్లో చెబుతాడు. మీ ఉత్తరం సారాంశం ఇలా చెప్పాడు: "చెట్టును నమ్ముకుని ఒక పేద కుటుంబం ఉంది. భార్యాభర్తలు, పసిబిడ్డ. కదిలేది లేదంటున్నారు."

విని నా మనసు కరిగిపోయింది. గవర్నరు గారికీ చెప్పాను. ఆ కుటుంబానికి ఊరి చివర రేకుల ఇల్లు కట్టించి ఇస్తాం. భర్తకు సిమెంటు గద్ద దగ్గర కాపలా ఉద్యోగం కూడా ఇప్పిస్తాం. పక్షి మీద కాకులు వాలకుండా చూసుకుంటే చాలు.

మీ శ్రేయోభిలాషి,
ఎవరిస్తో

తా.క. ప్రస్తుతం భర్త ఏం పని చేస్తున్నాడో, భార్యకు వంట వచ్చో రాదో తెలియజేయగలరు. మా క్యాంటీనులో మనిషి కావాలి.

*

అధికారి గారికి,

ముందుగా ఆ తియోఫిస్తోకి కళ్లద్దాలు కొనిపెట్టండి. నేను రాసింది గద్దల గురించి. రెక్కలుంటాయి, ముక్కుంటుంది, గుడ్లు పెడతాయి. ఇంతకంటే విడమర్చి చెప్పడం నా వల్ల కాదు.

అయినా అడిగారు గనుక చెబుతున్నాను. భర్తది వేట. కోతులూ, పునుగుపిల్లులూ, ఏది దొరికితే అది పట్టుకొస్తాడు. భార్య వంట చెయ్యదు, పచ్చిదే చీల్చి బిడ్డ నోట్లో పెడుతుంది. రేకుల ఇల్లు వద్దు, గోళ్లు జారతాయి. కాపలా ఉద్యోగం ఇస్తే కాకుల్ని వాలనివ్వడు గానీ, మీ క్యాంటీను పిల్లి దక్కదు.

ఊళ్లోకి నిన్న గొడ్డళ్ల మనుషులు వచ్చి చెట్టు చుట్టూ తాడేసి కొలుచుకుపోయారు. అప్పట్నుంచి నాకు అన్నం సహించడం లేదు. మీరు ఒక్కసారి వచ్చి తలెత్తి చూడండి బాబూ. అంతకంటే ఏమీ అడగను.

ఇట్లు,
పెర్పెతువా

తా.క. ఈ ఉత్తరం తియోఫిస్తో చదువుతుంటే: నాయనా, గ-ద్ద.

*

గౌరవనీయులైన కపితానా గారికి,

సారాంశం విని కళ్లు చెమర్చాయి. "ఆ కుటుంబానికి పొయ్యి వెలిగించుకునే గతి లేదు. పచ్చి మాంసం తింటున్నారు. పాపం, పక్షుల్లా బతుకుతున్నారు" అని చెప్పాడు తియోఫిస్తో. ఈ సంగతి గవర్నరు గారి గదిలో పదిమంది ముందు చదివి వినిపించాను.

ఆ బిడ్డకు జ్ఞానస్నానం అయిందా? కాకపోతే జ్ఞానతండ్రిని నేను. జ్ఞానతల్లిగా మీరుండండి. నేను రాలేను గనుక ఆచారం ప్రకారం నా బదులు మీ మరిది నిలబడవచ్చు. ఎన్నికలు దగ్గరపడ్డాయి గనుక రెండో జ్ఞానతండ్రిగా ఉండడానికి గవర్నరు గారు తామే ముందుకొచ్చారు. ఇక ఆ తల్లిదండ్రులకు మేమిద్దరం కుంపారేలం, మీరు కుమారే. వియ్యంకులకంటే గట్టి చుట్టరికం. కుంపారే అడిగితే ఎవరు మాత్రం చెట్టు ఖాళీ చెయ్యరని గవర్నరు గారి ధీమా.

చర్చిలో చదవడానికి మా ఇద్దరి సంతకాలతో ఈ మాట పంపుతున్నాను: "ఈ బిడ్డ మాకు దేవుడిచ్చిన బిడ్డ. వీడి గూటి మీద చెయ్యి వేసినవాడు మా మీద చెయ్యి వేసినట్టే."

కాబోయే జ్ఞానతండ్రి,
ఎవరిస్తో

తా.క. తెల్ల చొక్కా, వెండి చెంచా, బూట్లు పంపుతున్నాను. బిడ్డ పాదాలెంత ఉంటాయో తెలియక బూట్లు కాస్త పెద్దవి తీసుకున్నాను.

*

కుంపారే ఎవరిస్తో గారికి, మీ కుమారే పెర్పెతువా శుభాకాంక్షలు.

జ్ఞానస్నానం ఘనంగా జరిగింది. ఫాదర్ లూసియో గారికి సంగతి చెబితే బెంచీ పట్టుకుని నవ్వారు. "పండక్కి మీ పందుల్నీ గేదెల్నీ దీవిస్తాను కదా, దీన్నెందుకు దీవించను?" అని చెట్టు కిందికి వచ్చి పవిత్రజలం పైకి చల్లారు. చాలావరకు మా మరిది మీదే పడింది. మీ మాట చదివితే మా ఊరివాళ్లూ, చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడే తండ్రి గద్ద వచ్చి సగం పునుగుపిల్లిని విందులోకి జారవిడిచాడు. కుంపారే మర్యాద తెలిసినవాడే.

బిడ్డకు మీ పేరే పెట్టాం. ఎవరిస్తో ఈ మధ్య గూటి అంచుకు వచ్చి రెక్కలు కొడుతున్నాడు. వాడి ఫోటో పంపుతున్నాను. తియోఫిస్తోకి ఇవ్వకండి, మీరే చూడండి.

చూశాక మీకు ఒళ్లు మండుతుందని తెలుసు. నేను అబద్ధం ఒక్కటీ రాయలేదు, అయినా భయంగానే ఉంది. కోపముంటే నా మీద చూపించండి, గొడ్డళ్లు మాత్రం పంపకండి. కుంపారే అని పిలిచి అడుగుతున్నాను.

మీ కుమారే,
పెర్పెతువా

తా.క. ఒక బూటు వాళ్లమ్మ ఎత్తుకెళ్లి గూట్లో పెట్టుకుంది. వెండి చెంచా మా మరిది ఇవ్వనంటున్నాడు. తడిసింది తనే గనుక తనదేనట.

*

ప్రియమైన కుమారేకి,

ఇది ఇంటి దగ్గర కూర్చుని రాస్తున్నాను. మా కార్యాలయంలో తియోఫిస్తో అనేవాడు లేడు. ఎప్పుడూ లేడు. ఉన్నది నేనూ, తిరగని ఫ్యానూ. మీ ఉత్తరాలన్నీ నేనే చదివాను. గ-ద్ద అని రాసినచోట నవ్వాపుకోలేక బయటికెళ్లి వచ్చాను.

మలుపు కొలవడానికి వానల్లో మీ ఊరు వచ్చింది నేనే. జాతీయ పక్షి మీద ఎన్నో ఉపన్యాసాలు రాసిచ్చాను గానీ, తపాలా బిళ్ల మీద తప్ప దాన్ని చూసి ఎరగను. ఆ రోజు పొగమంచులోంచి వచ్చి ఆ కొమ్మ మీద వాలింది. నేను బురదలో కూలబడి, టోపీ తీసేశాను. దేశం అనే మాట నేను అన్నిసార్లు రాశాను గానీ, అది గుండెల్లో తగలడం అదే మొదలు.

తిరిగొచ్చి గవర్నరు గారికి చెప్పాను. "పక్షికి ఓటుందా?" అన్నారు. అక్కడితో ఆ మాట చచ్చింది. ఆయన నన్ను బదిలీ చెయ్యగలరు, చెట్టు కొట్టించగలరు. కానీ జ్ఞానబిడ్డ ఇల్లు కూల్చినవాడికి ఈ దీవిలో ఏ గుమ్మంలోనూ మంచినీళ్లు పుట్టవు. అది ఆయనకూ తెలుసు. అందుకే తియోఫిస్తోను పుట్టించి, మీ ఉత్తరాలు వాడిచేత తప్పుగా చదివించి, పక్షిని బిడ్డను చేశాను. మీకు ముందే చెబితే ఉత్తరాల్లో అంత నిజాయితీగా తిట్టేవారు కాదు. అన్నం మానుకునేంత బెంగ పెట్టుకుంటారనుకోలేదు. దానికి మాత్రం క్షమించండి.

నిన్న ఫోటో ఆయన ముందు పెట్టాను. చాలాసేపు చూశారు. మొహం ఎర్రబడింది. "సంతకం వెనక్కి తీసుకోవచ్చా?" అన్నారు. "జ్ఞానస్నానం వెనక్కి తీసుకోలేమండీ" అన్నాను. చెట్టు జోలికి ఎవరూ వెళ్లకూడదని ఆజ్ఞ వెలువడింది. సిమెంటు గద్ద బస్‌స్టాండులో నిలబడుతుంది.

ఎవరిస్తో ఎగిరే రోజు దగ్గరపడితే కబురు చెయ్యండి. ఈసారి నా బదులు మీ మరిది వద్దు, నేనే వస్తాను.

మీ కుంపారే,
ఎవరిస్తో (పెద్దవాడు)

తా.క. గవర్నరు గారు ఇప్పుడు ఫోటో బల్ల మీద పెట్టుకుని వచ్చినవాళ్లకల్లా చూపిస్తున్నారు. తన పేరు ఎందుకు పెట్టలేదని నా మీద కోపం. తర్వాతి గుడ్డు దాకా ఆగాలన్నాను. ఆ గుడ్డు ఆ చెట్టు మీదే పెట్టాలి కదా అని, ఈ ఉదయం ఆయనే చెట్టుకు కాపలా వేయించారు.