ఉప్పు గోడ

నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే నీకు దీపం పెట్టి, అమ్మా నేనూ కోర్టుకెళ్లాం.

ఆషర్‌విల్‌లో మన ఇంటికి వెనక గది కట్టించాం. మూడు నెలలకే గోడలు చెమ్మెక్కి పెచ్చులూడాయి. కాంట్రాక్టరు వానల్ని తిట్టి తప్పించుకున్నాడు. అతనికి రిజిస్టర్డ్ ఉత్తరం రాసి, పద్నాలుగు రోజుల గడువిచ్చి, చిన్న దావాల కోర్టుకెక్కాం. అక్కడికి లాయర్లను రానివ్వరు, ఎవరి మాట వాళ్లే చెప్పుకోవాలి. నేను చెప్పాల్సిందంతా కాగితం మీద రాసుకెళ్లాను. అమ్మకి మాత్రం, మొన్న తెల్లవాళ్లతో సమానంగా మనకీ ఓటొచ్చి, మొదటిసారి వేసినప్పటి నుంచి ఎవరన్నా లెక్కలేదు.

"ఏటి ఇసుకే వాడాను" అన్నాడు కాంట్రాక్టరు.

అమ్మ టిఫిన్ డబ్బా తెరిచి, ఊడిన పెచ్చు బల్ల మీద పెట్టింది.

"మా ఆయన మేస్త్రీ. ఇసుక నాలిక్కి ఉప్పగా తగిల్తే లారీ ఎనక్కి పంపేసేవోడు. ఇది సముద్రం ఇసుక. నువ్వే నాకి సూడు బాబూ."

తీర్పు చెప్పే కమిషనర్ పెచ్చును అతని ముందుకు జరిపాడు. అతను నాకలేదు. గోడలు గీకి కొత్త పూత వేస్తానని సంతకం పెట్టాడు.

సోమవారం ఇసుక లారీ వస్తోంది. రుచి చూడమని అమ్మకి చెప్పాను.

"నాకు బీపీ. ఉప్పు తినొద్దన్నాడు డాక్టరు. మీ నాయన పని, నువ్వే సెయ్యి" అంది.

నీ కూతురు