ఎడమకి వాలిన అంకెలు

పార్సిప్పనీ, అమెరికా,
అక్టోబరు 9

ప్రియమైన దామోదర్,

ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత ఈ పిలుపు చూసి నవ్వొస్తే నవ్వుకో.

మా అమ్మాయి చంద్రిక ఇక్కడికి దగ్గర్లో ఓ పాత రైతు ఇల్లు కొంది. రెండున్నర శతాబ్దాల కిందట ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్నది. చారిత్రక కట్టడాల జాబితాలో ఉంది గనక అనుమతి లేనిదే కిటికీ రెక్క కూడా మార్చకూడదు. అనుమతికి ముందు ఇల్లంతా కొలిచి నక్షా ఇవ్వాలి.

"నాన్నా, ఇంట్లోనే ఆర్కిటెక్ట్ ఉండగా ఇంకెవర్నో హైర్ చేయడం ఎందుకు? పొద్దస్తమానం అందర్నీ తిట్టుకుంటూ కూర్చునే బదులు టేప్ పట్టుకో" అంది.

నిజమే, తిడుతూనే ఉన్నాను. మన తర్వాత వచ్చి, అద్దాల పెట్టెలు నిలబెట్టి బిరుదులు కొట్టేసిన వాళ్ళందర్నీ. నిన్నూ.

ఆ ఇంట్లో అన్నీ ఓక్ చెక్క దూలాలు, ఓక్ స్తంభాలు. ఇనుప మేకన్నది లేదు, చెక్క మేకులే. నేల మీదే చెక్కి, ఏ దూలం ఏ స్తంభానిదో ఉలితో అంకెలు వేసుకుని, ఆ తర్వాత ఎత్తి నిలబెట్టారు. పనిచేసింది ఇద్దరు వడ్రంగులు. ఒకడి అంకెలు కుడికి వాలాయి, ఇంకొకడివి ఎడమకి. ఎడమకి గీసేవాడు వంటింటి స్తంభానికి దూలం దూరే గాడిని తప్పు వైపున చెక్కేశాడు. ఆ గాడిని ఓక్ ముక్కతో వెంట్రుక దూరకుండా పూడ్చి, పక్క వైపున కొత్తది చెక్కి, అంకె వేసింది అతని తోటివాడు. ఆ అంకె కుడికి వాలింది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇలాంటిది లేదు. స్టూలు మీద నించుని ఆ ముక్కని తడుముతూ చాలాసేపు దిగలేకపోయాను.

మనం గీసిన రాజమండ్రి కల్యాణమండపం బాల్కనీ దూలం లెక్క తప్పు వేసింది నేను. క్లయింటు ముందు "అది దామోదర్ చూశాడండీ" అన్నాను. బాల్కనీ పగలగొట్టారు. నువ్వు మన ఆఫీసు వదిలి వెళ్ళిపోయావు. ఆ అబద్ధం ఎంతమందికి చెప్పానంటే, చివరికి నేనే నమ్మాను. క్షమించమని అడగడం నాకిప్పటికీ చేతకాదు. ఇంటి నక్షా జతపరిచాను. చూడు.

నీ
భీమశంకరం


కాకినాడ,
అక్టోబరు 30

ఒరే శంకరం,

నీ ఉత్తరం మా ఆవిడ శాంతి పైకి చదివింది. "ఇప్పుడైనా ఆ కాగితం ఆయన మొహాన కొట్టండి" అంది. నీ చేతిరాతతో ఉన్న ఆ దూలం లెక్క కాగితం అప్పట్నుంచీ నా దగ్గరే ఉంది. తప్పు నీదని ఆ రోజే తెలుసు.

నేను వెళ్ళిపోయింది ఆ మాటకి కాదురా. మర్నాడు నా బల్ల దగ్గరికి వస్తావని మధ్యాహ్నం దాకా చూశాను. తిట్టడానికి వచ్చినా ఉండిపోయేవాణ్ణి. నువ్వు తలుపు వేసుకుని కూర్చున్నావు.

నక్షా చూశాను. పొయ్యిగూడు లోతు రాయలేదు. పొగగొట్టం పై అంతస్తులో ఏ గోడలోంచి పోతోందో చూపించలేదు. నీ ఒక్కడి చేతికి వదిలేస్తే ఆ ఇల్లు పాడవుతుంది. కొలతలు పంపు. మిగతాది నేను గీస్తాను.

దామోదర్