ఇద్దరు సరళలు

తనకల్లు,
12-8-2009

డాక్టర్ ఆదెప్ప బావగారికి,

మన రక్షకుని పేరట వందనాలు. పగవాడికైనా పెట్టి తీరాలని నేర్చుకున్నవాణ్ణి కాబట్టి పెడుతున్నాను. మీ క్షేమం అడగను; రీడర్ ఉద్యోగం వచ్చిన మనిషికి క్షేమానికేం తక్కువ? ఇక్కడ వాన లేదు. వేసిన వేరుశనగ మొలకలోనే మాడింది. మీ భార్యే గాని ముందు నా చెల్లెలైన సరళ, ఇంటర్వ్యూ అయినప్పటి నుంచి నా ఇంట్లోనే ఉంది. అన్నం ముందు కూర్చుంటుంది, తినదు.

నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. ఆ పైన చదువంతా బైబిలు వాక్యం కోసం కూడబలుక్కుని నేర్చుకున్నదే. నాకు ఇంటర్నెట్ పేజీల సంగతేం తెలుసని ఫోన్‌లో నవ్వారు. తెలియదు కాబట్టే కదిరి పోయి నెట్ సెంటర్‌లో కూర్చుని చూసొచ్చాను. పరిశోధన చేసేవాళ్లకు తలా ఒక పేజీ అంట. రాసిన వ్యాసాలన్నీ అందులో ఉంటాయంట. ఉద్యోగమిచ్చే పెద్దలు మనిషి మొహం కంటే ముందు దాన్నే చూస్తారంట.

మీ పేజీ పెండ్లికొడుకులా ఉంది. కోటు వేసిన ఫోటో, దాని కింద వ్యాసాలు, జరిపేకొద్దీ వస్తూనే ఉన్నాయి. సరళ పేజీలో రెండే. పెండ్లికి ముందు బి. సరళ పేరుతో అచ్చయిన ఏడూ దిక్కులేని పిల్లల్లా వేరేచోట పడున్నాయి. మన ఇండ్లలో ఆడపిల్లకు పెండ్లినాడే ఇంటిపేరు మారుతుంది. ఆ యంత్రానికేం తెలుసు? దానికి బి. సరళ ఒక మనిషి, కె. సరళ ఇంకో మనిషి.

ఆ ఏడింటి కష్టం నేను కళ్లారా చూశాను. కుందుర్పి చేలల్లో మండే ఎండలో నిలబడి ఆకుమచ్చ తెగులు పట్టిన చెట్లు ఏరుకొచ్చేది. మా అమ్మ కదిరమ్మ, ఏమ్మే, సదువుకున్నోళ్లు నీడపట్టున కూకుంటారంటే నువ్వేంది కూలోళ్లకన్నా నల్లగయినావు అని తిట్టేది.

ఇంటర్వ్యూలో ఆమెను ఏమడిగారో తెలుసా? ఏమ్మా, నీ పేజీలో లేనివి నీవంటాండావు, ఎవరి పంటో నీ కళ్లంలో పోసుకుంటాండావా అని. ఆమె నోరు తెరవలేదంట. అదే ఉద్యోగానికి మీరూ అర్జీ పెట్టుకుని బయట బెంచీ మీద ఉన్నారు. ఆమె దొంగ అనిపించుకుని బయటికొచ్చింది. మీరు లోపలికి పోయారు.

ఆమె పేజీ చూసుకునేది మీరే కదా. నీకు ల్యాబు పనే సాలదా, అదంతా నాకు వదిలెయ్ అన్నది మీరే కదా. అడిగితే, మర్సిపోయినా బావా, ఏమప్పా ఇంత చిన్నదానికి ప్రసంగం చెప్తాండావు అన్నారు. చిన్నదా? దొంగతనం కూడదని రాతి మీద చెక్కించిన దేవుడు, మరచిపోయి చేస్తే ఫరవాలేదని పక్కన చెక్కించలేదు. పోయిన ఆదివారం చర్చిలో మీ పేరెత్తకుండా ఇదే చెప్పాను. గొంతు పోయింది.

ఆ ఇద్దరు సరళలూ ఒకరేనని యూనివర్సిటీకి మీ చేత్తో రాయండి. తర్వాత ఆమెను పిలుచుకుపోవడానికి రండి. మరపు ఎవరికైనా వస్తుంది. క్షమించమని నేనే ఆమెను బతిమాలుతాను.

ఇట్లు,
సత్యం కోసం గొంతు పోగొట్టుకున్న మీ బావ,
పాపన్న

తా.క. కవరు అంటించే ముందు ఇది సరళకు చదివి వినిపించాను. చివరిదాకా విని, ఆయప్ప మర్సిపోలేదన్నా అంది. నువ్వు ఆమె పేజీ తయారు చేసేటప్పుడు ఆ యంత్రమే ఏడు వ్యాసాల పేర్లూ చూపించి ఇవి మీవేనా అని అడిగిందంట. నువ్వు ఒక్కొక్కదానికీ కాదు, కాదు అని నొక్కుతూ పోయావంట. ఆమె టీ గ్లాసుతో నీ వెనకే ఉందంట. ఇంటర్వ్యూలో నోరు విప్పితే నీ బతుకు పోతుందని విప్పలేదంట. పైన రండి అని రాసింది కొట్టేస్తున్నాను ఆదెప్పా, రావద్దు. అప్పుడే ఎందుకు అరవలేదమ్మా అని అడిగితే, ఒక్కసారన్నా వెనక్కి తిరుగుతాడేమోనని చూస్తా నిలబడుంటినన్నా, టీ చల్లారిపాయ అంది.