చప్పిడి కూడు

మే 6, 2003. మంగళవారం

బడికి సెలవులు. పాఠాలు చెప్పే నోటికి ఈ నెలంతా మామిడిపండ్లు తినడమే పని. కొల్లాపూర్ దగ్గర మా ఆయన రాఘవేందర్ గుత్తకు పట్టిన తోట ఇది. మధ్యాహ్నం పన్నెండు దాటితే ఇక్కడ ఎవరికైనా కళ్లు మూతపడాల్సిందే. కాయలు మాగేసిన గదిలోంచి వచ్చే తీపి వాసన అలాంటిది. నడుస్తూ నిద్రపోతున్నానో, నిద్రలో నడుస్తున్నానో తెలియడం లేదు.

అడవిపందులకని మా ఆయన కంచెకు కరెంటు తీగ చుట్టాడు. వద్దన్నాను. రాత్రి పదికి గాని కరెంటు రాదు, ఎవడు చస్తడు అన్నాడు. సైన్స్ టీచర్‌ని, నాకే పాఠం.

మే 7. పొద్దున

ఒక మనిషి చచ్చిపోయాడు. తిమ్మప్ప. రాయచూరు వైపు నుంచి గొర్రెలు తోలుకొచ్చినవాడు. నిన్న సాయంత్రం గొర్రెపిల్ల తోటలోకి దూరితే కంచె పట్టుకున్నట్టున్నాడు. నాకు ఊహ తెలిశాక మొదటిసారి కరెంటు టైముకంటే ముందే వచ్చింది.

తెల్లవారుతుండగా మా ఆయన శవాన్ని కాయలు మోసే తోపుడుబండి మీద వేసుకెళ్లి, బాట పక్కన ట్రాన్స్‌ఫార్మర్ కింద పడేసి వచ్చాడు. వచ్చి తీగ పీకేశాడు. పళ్లు తోముకుంటూ అంతా చూశాను. నురగ మింగేశాను. నేను చేసింది అంతే.

తోట కావలి మాసయ్య కూడా చూశాడు. ఠాణాకు పోయి చెప్త పటేలా అని మొహం మీదే అన్నాడట. ఠాణాలో చెప్పేవాడు మాకు చెప్పకుండా పోవాలి గాని, ఏం మనిషయ్యా! మా ఆయన అతన్ని కాయల గదిలోకి నెట్టి తాళం వేశాడు.

11 గంటలు

ఎస్సై వచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ ముట్టుకుని చచ్చాడని రాసుకున్నాడు. రెండు పండ్లు తిన్నాడు. తియ్యగున్నయి అన్నాడు.

మే 8

మాసయ్యకు అన్నం, పప్పు తీసుకెళ్లాను. ముట్టలేదు. ఉప్పు లేకుంట వండి తేండ్రి అమ్మా అన్నాడు. బీపీ ఉందా అని అడిగాను. నవ్వాడు. ఇన్నొద్దులు మీ పని చేసిన గని నా కూడు నేనే వండుకున్న, ఇప్పుడు మీ ఉప్పు తింటె మీ మీద ఎట్ల చెప్త, నోరు కట్టుబడ్తది గద అన్నాడు.

మా ఆయనకు చెబితే పగలబడి నవ్వాడు. నవ్వు ఆపి, జర ఉప్పు కలిపి పెట్టు, తెల్వకుంట తింటడు అన్నాడు. కలిపాను. మొదటి ముద్ద తుపుక్కున ఉమ్మేసి నా మొహంలోకి చూశాడు మాసయ్య. తిట్టినా బాగుండేది. మీరు గూడనా అమ్మా అన్నాడు. సిగ్గుతో చచ్చాను. మళ్లీ చప్పిడి అన్నం వండి, ముందు నేనొక ముద్ద తిని చూపించాను. అప్పుడు తిన్నాడు.

తిన్నాక కాయలు తిరగేస్తూ కూర్చున్నాడు. గడ్డి పల్చగ ఏసిండ్రు, కింది వరస కుళ్లిపోతది, తెలివి ఉండొద్దా అని మమ్మల్నే తిట్టాడు. తాళం వేసినా పని మానడు.

మే 9. మధ్యాహ్నం

కల. తిమ్మప్ప మా గడపలో కూర్చుని మామిడి టెంక చీకుతున్నాడు. గొర్రెలు ఒక్కొక్కటే వచ్చి నా మంచం కింద పడుకుంటున్నాయి. ఇంకోటి రావాలె, ఇంకోటి రావాలె అంటున్నాడు. మెలకువ వచ్చి చూస్తే నిజంగానే కంచె బయట గొర్రెలు. వాటితో పాటు అతని భార్య ఈదమ్మ.

స్విచ్చి ముట్టాలన్నా భయపడేటోడు, ఆ కరెంటు డబ్బ దగ్గరికి ఎందుకు పోతడమ్మా అని అడిగింది. చల్ల ఇచ్చాను. గుటగుటా తాగి మూతి తుడుచుకుంది. మనసుల మీ మీద అనుమానం ఉండె తల్లీ, ఇప్పుడు మీ ఉప్పు నోట్ల పడ్డది, ఇగ గా మాట అనుకుంటె పాపం అంది.

చల్లలో ఉప్పు వేసింది నేనే. అలవాటుగా వేశాను. ఛీ, నా బతుకు.

సాయంత్రం

ఈ పూట నా అన్నంలో ఉప్పు వేసుకోలేదు. ఎందుకో తెలియదు. తెలుసు.

మే 10. శనివారం

మా ఆయన పురుగుమందు డబ్బా తెచ్చి వంటగట్టు మీద పెట్టాడు. రేపు మాసయ్య కూట్ల కలుపు శ్రీజా, నీ చేతిదైతేనే తింటడు అన్నాడు. చింతపండు నానబెట్టమన్నంత మామూలుగా అన్నాడు. నాకు నవ్వొచ్చింది, దేవుడి తోడు. వాసన వస్తుంది కదా అన్నాను. పండ్ల వాసనల తెల్వదు అన్నాడు. అంటే అన్నీ ఆలోచించే ఉన్నాడు.

పదకొండేళ్ల కాపురం. చెడ్డవాడని రాయడానికి చేయి రావడం లేదు. నాకు టైఫాయిడ్ వస్తే దవాఖానలో నా మంచం పక్కన కదలకుండా కూర్చున్న మనిషి. ఆ మనిషే ఈ మనిషి. నాకు భయంగా ఉంది.

మే 11. ఒంటిగంట

డబ్బా మూత తీయలేదు. బియ్యం బస్తా వెనక దాచాను. కలిపినవా అన్నాడు. కలిపాను అన్నాను. ఉప్పు వేసిన కూర నేను ముట్టకుండా తనకే వడ్డిస్తున్నానని గమనించలేదు. కడుపునిండా తిని ఎప్పట్లాగే నిద్రపోయాడు. మొలతాడు నుంచి తాళంచెవి తీశాను.

తలుపు తెరిస్తే మాసయ్య వెంటనే బయటికి రాలేదు. పై వరస కాయలు సర్ది వచ్చాడు. ఠాణాకు నేనూ వస్తానన్నాను. మీరు ఆయన ఉప్పు తిన్నరు గదమ్మా అన్నాడు. రెండు రోజులుగా మానేశానన్నాను. పదకొండేండ్లది రెండొద్దులల్ల దిగుతదా అని తల అడ్డంగా ఊపాడు. నా ప్రాణం ఉసూరుమంది. అంతలో ఎండవైపు చూసి, చెమట పడితె దిగుతది, నడుద్దాం పాండ్రి అన్నాడు.

కొల్లాపూర్ తొమ్మిది కిలోమీటర్లు. బస్సు ఉంది. ఎక్కడం లేదు.

మే 11. నాలుగున్నర. ఠాణా మెట్లు

నా జాకెట్టు చేతుల మీద చెమట ఎండి తెల్లటి చారలు కట్టింది. మాసయ్య చూశాడు. దిగిందమ్మా అన్నాడు.

లోపలికి పిలుస్తున్నారు.