తాత్కాలికంగా తండ్రి వద్ద

అరవై మూడేళ్ళ నేను, కళ్ళద్దాల దుకాణం నడుపుకునే మనిషిని, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, స్వదస్తూరీతో రాస్తున్న వీలునామా ఇది. గుండె సంగతి చెప్పలేను గానీ బుద్ధికి ఢోకా లేదని డాక్టరు అన్నాడు. దీన్ని అమలు జరిపే బాధ్యత మా చెల్లెలిది.

1. నా మాజీ భర్తకు ఏమీ లేదు. నేను కామెర్లతో ఆస్పత్రిలో పడి ఉన్న వారంలోనే ఆయన కోర్టుకెళ్ళి, ఆరేళ్ళ పాపను చూసుకునే దిక్కు లేదని చెప్పి, మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకున్నాడు. "విచారణ ముగిసే వరకు, తాత్కాలికంగా తండ్రి వద్ద" అని అందులో ఉంది. ఆ విచారణ పన్నెండేళ్ళు సాగింది. ఓసారి జడ్జి బదిలీ, ఓసారి లాయర్ల సమ్మె, ఓసారి ఆయనకు నడుం నొప్పి. పాపకు పద్దెనిమిది నిండాక, ఇక తేల్చడానికేమీ లేదని ఫైలు మూసేశారు. తప్పు నాదని ఎవరూ తీర్పు చెప్పలేదు. కాదనీ చెప్పలేదు.

2. నాకు కోపమెక్కువని కోర్టులో సాక్ష్యం చెప్పిన మా తమ్ముడికి పూచికపుల్ల కూడా చెందదు. "ఉన్నమాటే కదక్కా అన్నాను" అన్నాడు. నిజమే, కోపమెక్కువే. ఇంకా తగ్గలేదు.

3. కోర్టులో పిల్లల్ని కలిసే గది దగ్గరుండే ఆయాకు నా ఉన్ని శాలువా. శనివారం పాపను చూడ్డానికి నాకిచ్చిన రెండు గంటలూ అయిపోయాక, "టైం చూసుకోలేదమ్మా" అని అబద్ధమాడి ఇంకో పది నిమిషాలు ఉండనిచ్చేది. నా కూతురికి నేను జడ అల్లుకోవడం నేర్పింది ఆ పదేసి నిమిషాల్లోనే.

4. దుకాణమూ, పైనున్న రెండు గదులూ నా కూతురికి. కేసు మూసేశాక తనంతట తనే వచ్చింది. గుమ్మంలో నిలబడి, "మీరు బాగున్నారా?" అంది. ఆ "మీరు" కాస్తా "నువ్వు" అయ్యేసరికి నాలుగేళ్ళు పట్టింది.

ఇప్పుడు తనూ విడాకుల కేసులో ఉంది. మనవరాలు తాత్కాలికంగా తన దగ్గరే, ఇద్దరూ దుకాణం పైన నాతోనే ఉంటున్నారు. ఆదివారం పగలు తండ్రి వచ్చి చూడొచ్చని ఉత్తర్వు. నా కూతురేమో ఓ వారం పిల్లకు జ్వరమంటుంది, ఓ వారం పరీక్షలంటుంది. పోయిన నెల అల్లుడు దుకాణం బయట ఎండలో గంటసేపు నిలబడ్డాడు. తలుపు తియ్యవే అన్నాను. "నీకేం తెలుసమ్మా ఈ బాధ?" అంది నాతో! అయినా నేను లేచి గడియ తీయలేదు. కూతురు మళ్ళీ దూరమవుతుందని భయపడ్డాను. అతను వెళ్ళిపోయాడు.

5. కాబట్టి పై క్లాజుకు ఒక షరతు. కేసు తేలేదాకా ప్రతి ఆదివారం పై గది అల్లుడికీ మనవరాలికీ వదలాలి. కారణం లేకుండా వరసగా రెండు వారాలు మూస్తే ఆస్తి మొత్తం మనవరాలి పేరిట మారుతుంది. పిల్ల పెద్దదయ్యేదాకా ఆ ఆస్తి సంరక్షణ మా చెల్లెలిది. బతికుండగా నోరు పెగలక, పోయాక చెబుతున్నానే తల్లీ. నన్ను ఎంతైనా తిట్టుకో. తలుపు మాత్రం తియ్యి.

మార్చి పద్నాలుగో తేదీ, మధ్యాహ్నం, దుకాణం బల్ల మీద రాసి సంతకం చేశాను.

(సంతకం) కళ్ళద్దాలమ్మ

సాక్షులు: పక్క కొట్లో చెప్పులు కుట్టే పెద్దాయన, నాకు మందులిచ్చే డాక్టరు. చదవకుండానే సంతకం పెడతామన్నారు. ఇద్దరిచేతా చదివించాను.