బేకరీ తాత చెప్పిన అద్వైతం

ప్రియమైన బేకరీ తాతగారికి,

మీరు పంపిన రొట్టెల పెట్టె అందింది. థాంక్స్ చెబుతూ ఉత్తరం రాస్తే కానీ ఆడుకోవడానికి వెళ్లకూడదని అమ్మ అంది. అమ్మ చెప్పకపోయినా నేను రాసేదాన్నే. కుందేలు ఆకారం రొట్టెని అంకుల్ వాళ్ల బుడ్డోడు లాక్కున్నాడు. నాలుగేళ్లవాడు కదా అని వదిలేశాను. నాకు చేప రొట్టె వచ్చింది.

అమ్మకీ అంకుల్‌కీ పెళ్లయ్యాక మేం మీ దగ్గరికి వచ్చినప్పుడు, మీరు పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చుని ఏదో పుస్తకం చదువుతున్నారు. అదేంటంటే అద్వైతం అన్నారు. అంటే ఏంటంటే "రెండు లేవు, ఉన్నది ఒక్కటే" అన్నారు. ఇంతలో ఎవరో బన్నులకి వచ్చారు, మీరు లేచి వెళ్లిపోయారు. ఎనిమిది నెలలైంది. నేనింకా ఆలోచిస్తూనే ఉన్నాను. అంకుల్‌ని అడిగితే "నేను పళ్ల డాక్టర్ని, నాకు పళ్లే తెలుసు, మా నాన్ననే అడుగు" అన్నారు. రెండే లేకపోతే మా ఇంట్లో నలుగురం ఎలా ఉన్నాం?

మీ అబ్బాయి ఇంట్లో ఉండే అమ్మాయి,
ఐదో తరగతి


ప్రియమైన ప్రశ్నల పుట్టకి,

నీ ఉత్తరం గల్లాపెట్టె మీద పెట్టుకుని మూడుసార్లు చదివాను. నలభై ఏళ్లుగా ఈ పుస్తకాలు చదువుతున్నాను, అదేంటని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. నువ్వు అడిగావు. నాకు కడుపు నిండిపోయింది. పిండి పొంగడానికి ఇంకా గంట పడుతుంది, ఆలోగా చెప్పేస్తాను.

పొద్దున్నే ఒకే తొట్టిలో పిండి కలుపుతాను. అందులోంచే కుందేలు, అందులోంచే చేప, పొడుగు రొట్టె, గుండ్రటి బన్ను. పేర్లు నాలుగు, రూపాలు నాలుగు. కానీ కుందేల్లోంచి పిండి తీసెయ్, కుందేలు మిగులుతుందా? కుందేలు ఒట్టి పేరు. ఉన్నది పిండే. అలాగే నీలో, నాలో, బుడ్డోడిలో, వీధిలో కుక్కలో "నేనున్నాను" అని తెలుస్తూ ఉండేది ఒక్కటే. దాన్ని ఆత్మ అన్నారు. లోకమంతా నిండినదాన్ని బ్రహ్మం అన్నారు. అవి కూడా రెండు కాదన్నారు. పేరూ రూపమూ వచ్చి పోయేవి. వాటినే నిజమనుకుని ఏడవడం మాయ.

అర్థం కాకపోతే మొహమాటపడకు. నాకే ఇంకా సగం సగం తెలుసు.

నీ ఉత్తరానికి మురిసిపోతూ,
తాత


ప్రియమైన తాతగారికి,

అర్థమైంది. కానీ పచ్చి పిండి తింటే కడుపు నొప్పి వస్తుందని అమ్మ అంది. రొట్టె తింటే రాదు. మరి రెండూ ఒకటెలా అని ఒక చిన్న అనుమానం. బుడ్డోడికి చేప ఇచ్చి "ఇదీ పిండే కదరా" అంటే, కుందేలే కావాలని నేల మీద పడి దొర్లాడు. వాడికి మాయ బాగా ఎక్కువ.

నేను మాత్రం మీరు చెప్పినట్టే చేశాను. నా బల్ల మీద మా నాన్న ఫోటో ఉండేది. నాకు ఆరేళ్లప్పుడు ఆయన జ్వరంతో చనిపోయారు. రూపాలు నిజం కాదు కదా, అందుకని ఆ ఫోటోని పాత బట్టల పెట్టెలో అడుగున పెట్టేశాను. ఎందుకని అమ్మ అడిగితే అద్వైతం అని చెప్పాను. అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇప్పుడు నా బల్ల మీద చాలా చోటు ఉంది.

మీ దగ్గర పాఠం నేర్చుకున్న
అమ్మాయి


నా తల్లికి,

ఇవాళ ఒక ట్రే మాడిపోయింది. నీ ఉత్తరం చదువుతూ పొయ్యి సంగతే మర్చిపోయాను. మాడితే మాడింది. తప్పు చేసింది నేను, నువ్వు కాదు. ముందు ఆ మాట విను.

ఏదో పెద్ద వేదాంతిలా పాఠం చెప్పాను, అదీ సగమే చెప్పాను. కుందేలు ఒట్టి పేరు అన్నాను చూడు, అక్కడే తప్పులో కాలేశాను. కుందేలు కూడా పిండే అనాల్సింది. పిండి ఎక్కడో విడిగా దాక్కుని ఉండదు, ఆ చెవుల్లోనే, ఆ తోకలోనే ఉంటుంది. మీ నాన్న ముఖంలో నువ్వు చూసిన ప్రేమ కూడా అంతే. అది బ్రహ్మం కాకపోతే ఇంకేది బ్రహ్మం?

మా ఆవిడ పోయి పదకొండేళ్లు. తన ఫోటో తక్కెడ వెనక గోడకి ఉంది. రోజూ తలుపు తీయగానే "వచ్చానోయ్" అని చెప్తాను. "వేదాంతం చదివి ఫోటోతో కబుర్లేంటండీ" అని రొట్టెలకి వచ్చేవాళ్లు ఎగతాళి చేస్తారు. చెయ్యనీ.

రెండు లేవంటే ఒకర్ని తీసేసి ఇంకొకర్ని ఉంచుకోవడం కాదు తల్లీ. పరాయివాళ్లంటూ ఎవరూ లేరని. మీ నాన్న పరాయి కాదు, మా అబ్బాయీ పరాయి కాదు, నువ్వు అసలే కాదు. ఆ పెట్టె తెరువు. ఈ ఉత్తరం పక్కన పెట్టి ఇప్పుడే వెళ్లు.

నీకు క్షమాపణ చెప్పుకుంటూ,
తాత


ప్రియమైన తాతయ్యా,

మీ ఉత్తరం చదివి బాగా ఏడ్చాను. ఇంత మంచి ఉత్తరం నాకెవరూ రాయలేదు, చాలా థాంక్స్. కానీ మీరేం తప్పు చేయలేదు. అబద్ధం చెప్పింది నేను. ఫోటో దాచింది అద్వైతం వల్ల కాదు.

మీ పాఠం వచ్చిన రోజు అంకుల్ బుడ్డోణ్ణి వీపు మీద ఎక్కించుకుని ఏనుగులా హాలంతా తిరిగారు. "నువ్వూ ఎక్కవే" అన్నారు. ఎక్కాను. నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకున్నాను. గదిలోకి వచ్చేసరికి ఫోటోలోంచి నాన్న నన్నే చూస్తున్నారు. నాన్న లేకుండా నేనంత నవ్వొచ్చా అనిపించింది. ఆయన వైపు చూడలేకపోయాను. అందుకే దాచేశాను. మీ పాఠం సాకుగా దొరికింది.

నిన్న పెట్టెలోంచి ఫోటో బయటికి తీసి, అంకుల్‌కి అంతా చెప్పేశాను. ఆయనకి కోపం వస్తుందేమో అనుకున్నాను. ఆయన చొక్కా అంచుతో ఫోటో అద్దం తుడిచారు. "ఇంత మంచి పిల్లని పెంచినందుకు ఈయనకి థాంక్స్ చెప్పుకోవాలని ఎన్నిసార్లు నీ గది గుమ్మం దాకా వచ్చానో. నువ్వేమనుకుంటావోనని వెనక్కి పోయేవాణ్ణి" అన్నారు. నిజంగానే చెప్పారు తాతయ్యా, ఫోటో దగ్గరికి వంగి, మెల్లగా. అమ్మ గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుంది.

ఫోటో మళ్లీ బల్ల మీద పెట్టాం. అంకుల్ దాని పక్కనే నిలబడ్డారు. నాకు ఏం అనాలో తెలియక "నాన్నా" అన్నాను. ఎవర్ని పిలిచావని మీరు అడుగుతారు. నాకూ తెలీదు. ఇద్దరూ నావైపే చూశారు.

మీ మనవరాలు